నూతి గట్టు మీది తేదీ

మా రోజుల్లో ఊరి మంచినీళ్ళ నూతి గట్టు మీద సున్నంతో తేదీ రాసి ఉండేది. నూతిలో బ్లీచింగ్ పౌడరు కలిపిన తేదీ అది. పక్కనే నా పొట్టి సంతకం. వారం దాటినా పాత తేదీయే కనబడితే, కడవలు పట్టుకొచ్చిన ఆడవాళ్ళు చేద నూతిలో వేయకుండా తిన్నగా పంచాయతీ ఆఫీసు అరుగు మీదికి వచ్చేసేవాళ్ళు. "ఏమండీ ఈవోగారూ, ఈ వారం మందు కలపలేదేటండీ?" అని నిలదీసేవాళ్ళు. జవాబు చెప్పుకోవాల్సినవాణ్ణి నేను. ఎక్కడికీ పోవడానికి లేదు, అదే ఊళ్ళో కాపురం.

నేను పంచాయతీ ఎగ్జిక్యూటివ్ ఆఫీసరుగా 1968లో చేరి 2003లో దిగిపోయాను. సర్వీసంతా కొల్లేటి చుట్టుపక్కలే గడిచింది. భీమడోలు వైపు కొన్నాళ్ళు, నిడమర్రు వైపు కొన్నాళ్ళు, తాడేపల్లిగూడెం దగ్గర కొన్నాళ్ళు. ఇప్పుడు ఏలూరులో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఎనభయ్యో పడిలో పడ్డాను. ఈ వయసులో నన్ను బాధపెట్టే విషయం ఒకటుంది. తవ్వడానికి ప్రభుత్వాల దగ్గర ఎప్పుడూ డబ్బుంటుంది. తవ్వినదాన్ని ఏడాదికోసారి వచ్చి చూడడానికి ఉండదు.

మా కాలంలో ఆ డబ్బు ఎక్కణ్ణించి వచ్చేదో చెబుతాను. ఇంటి పన్ను. సంత వేలం. ఊళ్ళో అమ్మే సరుకు మీద కొలగారం. చింతచెట్ల పాట. అన్నింటికంటే పెద్ద పద్దు పంచాయతీ చెరువులో చేపల పాట. మాది చేపల దేశం, పాట గట్టిగానే పలికేది. ఆ డబ్బులోంచే బ్లీచింగ్ పౌడరు డబ్బాలు కొనేవాళ్ళం. వైశాఖంలో నీరు అడుగంటినప్పుడు పూడిక తీయించేవాళ్ళం, పగిలిన వర మార్పించేవాళ్ళం. గిలకకి ఇరుసు, చప్టాకి సిమెంటు, మురుగు నూతిలోకి దిగకుండా చుట్టూ గట్టు, అన్నీ అందులోంచే. ప్రతి రూపాయీ నగదు పుస్తకంలో ఎక్కేది. లోకల్ ఫండ్ ఆడిటు వాళ్ళు వచ్చి రసీదు చూపించమనేవాళ్ళు. ఊరివాడు కట్టిన పన్ను, ఊరి నూతికే పెట్టిన ఖర్చు. అడిగే హక్కు తనకుందని వాడికి తెలుసు.

పైన హెల్త్ ఇన్‌స్పెక్టరు ఉండేవాడు. 1939 నాటి మద్రాసు పబ్లిక్ హెల్త్ చట్టం ఈ పనిని స్థానిక సంస్థల నెత్తిన పెట్టింది. తాగే నూతిని శుభ్రంగా ఉంచాలి, చెడిపోయిన నూతిని బాగుచేయమనో మూసేయమనో యజమానికి చెప్పాలి. ఇన్‌స్పెక్టరు సైకిలు మీద వచ్చి నూతి చుట్టూ ఓసారి తిరిగి, పెంటకుప్ప ఎంత దూరంలో ఉందో అడుగులేసి కొలిచేవాడు. దగ్గరుంటే మునసబుగారి చేత చెప్పించి తీయించేవాడు. వరదలొచ్చిన ఏడు మరీ కష్టం. తమ్మిలేరు పొంగి, బుడమేరు పొంగి, కొల్లేరు ఊళ్ళ మీదికి వచ్చేదా, నీరు తీసిన మర్నాటి నుంచే నూతులన్నీ తోడించి, మందు కలిపి, మళ్ళీ తోడించి, అప్పుడు గానీ ఎవరినీ ముట్టుకోనిచ్చేవాళ్ళం కాదు. కలరా అంటే అందరికీ భయం ఉండేది. ఆ భయమే సగం పని చేయించేది.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆ తేదీ ఊళ్ళోని నూతి మీద వారం వారం మారేది గాని, మాలపల్లె నూతి మీద నెలకోసారి మారితే గొప్ప. అంటరానితనం నేరమని 1955లోనే చట్టం వచ్చినా, ఊరి నూతిలో వాళ్ళ చేద పడడానికి మా వైపు చాలా ఏళ్ళు పట్టింది. కొన్ని చోట్ల నూతుల వాడకం పోయాకే ఆ గొడవ పోయింది. మా రోజులు మంచివని నేను అనేది ఆ లెక్క వదిలేసి కాదు. ఇంటి పన్ను వాళ్ళ దగ్గరా వసూలు చేశాను. వాళ్ళ నూతికి ఆలస్యంగా వెళ్ళాను. ఆ తప్పు నాది కూడా.

ఇక్కడి నీళ్ళ సంగతి తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. ఏలూరు దాకా కృష్ణా కాలవ వస్తుంది, గోదావరి కాలవా వస్తుంది. ఇన్ని నీళ్ళున్న ఊళ్ళో బావుల సంగతి ఎవరికి కావాలి అనిపిస్తుంది. కాని పల్లపు ఊళ్ళలో నేల కింద ఉన్నదంతా మంచినీరు కాదు. తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు, గుండేరు కొల్లేట్లో పడతాయి. ఆ నీళ్ళు ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోవాలి. ఎండాకాలం కొల్లేట్లో నీరు తగ్గితే సముద్రపు పోటు ఉప్పుటేరులోంచి వెనక్కి ఎక్కుతుంది. అందుకే మంచినీళ్ళు పడే చోట్లు ఊళ్ళో ఒకటో రెండో ఉండేవి, కాలవ గట్టు పక్కనో, పాత ఇసక మేట మీదో. మిగతా చోట్ల నాలిక మీద వేసుకుంటే ఉప్పు. ఆ ఒక్క చోటుని ఊరంతా కళ్ళలో పెట్టుకుని చూసుకునేది. లంక గ్రామాలవాళ్ళయితే కొల్లేటి నీళ్ళే తెచ్చుకుని, ఇండుప గింజ అరగదీసి తేర్చుకుని తాగేవాళ్ళు. 1999లో అభయారణ్యం, 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితా, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేయడం, ఇన్ని జరిగాయి కొల్లేటికి. ఈనాడు లంకల్లో తాగేది మాత్రం పడవ మీదో ఆటో మీదో వచ్చే టిన్ను నీళ్ళే. చుట్టూ చేపల చెరువులు, రొయ్యల చెరువులు. వాటి ఊటే నూతుల్లోకి దిగుతోంది.

తాడేపల్లిగూడెం మెట్టకీ పల్లానికీ గడప లాంటిది. అక్కణ్ణించి ఉత్తరంగా నల్లజర్ల, ద్వారకా తిరుమల, కామవరపుకోట, చింతలపూడి వైపు వెళితే ఎర్ర నేల, కింద ఇసకరాయి. నా చిన్నప్పుడు అక్కడ మోటబావులు. మోట పోయి ఆయిల్ ఇంజను, ఇంజను పోయి కరెంటు మోటారు, తరవాత బోరు వచ్చాయి. చెరకు, పొగాకు, కొబ్బరి, ఇప్పుడు పామాయిల్ తోటలు. 2004 నుంచి పొలాలకి కరెంటు ఉచితమయింది. రైతుకి మేలే జరిగింది, కాదనను. కాని ఎవరు ఎంత తోడుతున్నారో చెప్పే లెక్క ఒక్కటీ లేకుండా పోయింది. పైప్ మీద పైప్ దింపుకుంటూ పోయారు. నాలుగు వందల అడుగులు, ఆరు వందల అడుగులు అని పందెం కట్టినట్టు చెప్పుకుంటారు. పక్కవాడి బోరు ఎండిపోతే వాడి అదృష్టం అంటారు.

చట్టం లేదా అంటే, ఉంది. నీళ్ళ బాధ్యత రాజ్యాంగం రాష్ట్రాలకే అప్పగించింది. భూమి కింది నీటికి ఒక చట్టం చేసుకోండని ఢిల్లీవాళ్ళు నమూనా బిల్లు పంపింది 1970లో. మన రాష్ట్రం తాగునీటి మట్టుకు 1996లో ఒక చట్టం చేసింది. అన్నింటికీ కలిపి 2002లో వాల్టా చట్టం తెచ్చింది. నీరు, నేల, చెట్టు మూడూ అందులోవే. ప్రతి బావీ నమోదు కావాలి. ఊరి తాగునీటి బోరుకి 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదు. రిగ్గు యజమాని కూడా రిజిస్టరు చేయించుకోవాలి. చదివితే మంచి చట్టం. నేను అప్పటికి ఇంకా సర్వీసులో ఉన్నాను. ఆ కాగితాలు నా చేతుల మీదుగా వెళ్ళాయి.

ఆ చట్టం అమలు చేయాల్సింది ఎవరు? ఎమ్మార్వో. రేషను కార్డు ఆయనే చూడాలి, కుల ధ్రువపత్రం ఆయనే ఇవ్వాలి, ఎన్నికలు ఆయనే నడపాలి, వరదొస్తే పడవ ఆయనే పంపాలి. వాటి పైన బావులు కూడా. నేను అప్పుడున్న మండలంలో, పేరు చెప్పను, వాల్టా కోసం కొత్తగా ఒక్క మనిషిని వేయలేదు. తనిఖీకి వెళ్ళే జీపు డీజిలుకి పద్దు రాలేదు. దరఖాస్తులకు మాత్రం కట్ట వచ్చింది. పూర్వం ఊళ్ళో కరణం ఉండేవాడు, ఎవరి చేలో ఏ నుయ్యి ఉందో అడంగల్ చూడకుండానే చెప్పేవాడు. 1984లో ఆ పదవి పోయింది. పోవడం మంచిదే కావచ్చు, వంశపారంపర్యంగా ఊరిని గుప్పిట్లో పెట్టుకున్నవాళ్ళూ అందులో ఉన్నారు. ఆ జ్ఞాపకానికి బదులుగా ఏం పెట్టారన్నదే నా బాధ.

ఇప్పుడు బోరు అనుమతికి మీసేవకి వెళ్ళి రుసుము కట్టాలి. కట్టిన రుసుము ఖజానాకి పోతుంది. ఖజానాకి వెళ్ళిన రూపాయికి ఊరి పేరుండదు. ఆ రుసుములోంచి మా నూతిని చూడడానికి వచ్చానని చెప్పిన మనిషిని ఇంతవరకూ నేను చూడలేదు. మరి ఎవరి డబ్బుతో నడుస్తోంది ఈ వ్యవహారం? నేల కింద నీరు ఎంత లోతులో ఉందో కొలిచే గొట్టాలు, పీజోమీటర్లంటారు, మన దగ్గర బాగా పెరిగింది 1995లో ప్రపంచ బ్యాంకు అప్పుతో మొదలయిన హైడ్రాలజీ ప్రాజెక్టులో. ఆ తరవాత రెండో విడత. 2016లో జాతీయ హైడ్రాలజీ ప్రాజెక్టు, దేశం మొత్తానికి సుమారు 3,680 కోట్లు, అందులో సగం ప్రపంచ బ్యాంకు అప్పే. బావులు లెక్కపెట్టడానికి కూడా ఢిల్లీ డబ్బే. చిన్ననీటి వనరుల గణన అని అయిదారేళ్ళకోసారి జరిపిస్తారు. 2017-18 నాటి లెక్కలో దేశంలోని చిన్ననీటి వనరుల్లో నూటికి తొంభై నాలుగుకి పైగా భూగర్భజలానివే, అంటే రెండు కోట్లకు పైగా బావులూ బోర్లూ. ఇన్నింటిని లెక్కపెట్టడానికి ఒకసారి మనిషిని పంపగలిగాం, చూడడానికి పంపలేకపోతున్నాం.

ఆ పనిచేసేవాళ్ళని నేను తప్పుపట్టడం లేదు. భూగర్భ జల శాఖవాళ్ళు వానలకి ముందు, వానల తరవాత నీటిమట్టం కొలుస్తారు. ఇప్పుడు సెన్సార్లు పెట్టి విజయవాడలో కూర్చుని చూస్తున్నారు కూడా. గొప్ప పనే. కాని పథకం డబ్బుకి ఆఖరి తేదీ ఉంటుంది. ఇంటి పన్నుకి లేదు. పథకం ముగిశాక సెన్సారు బ్యాటరీ ఎవరు మార్చాలి? చేపల పాట ఏటా వచ్చేది, బ్లీచింగ్ పౌడరూ ఏటా వచ్చేది. రోజూ చేయాల్సిన పనికి రోజూ వచ్చే డబ్బు కావాలి. ముప్పై అయిదేళ్ళు నగదు పుస్తకం రాసినవాణ్ణి, ఈ ఒక్క మాట మీద నాకు అనుమానం లేదు.

తవ్వడం సంగతి చూడండి. 2011లో ఇందిర జలప్రభ. తరవాత ఎన్టీఆర్ జలసిరి. 2020 సెప్టెంబరులో వైఎస్సార్ జలకళ, 2,340 కోట్లతో రెండు లక్షల బోర్లు వేస్తామని చెప్పి మొదలుపెట్టారు. ప్రభుత్వాలు మారాయి, పేర్లు మారాయి, పని తవ్వడమే. పేద రైతుకి నీళ్ళు ఇవ్వకూడదని అనే పాపం నేను చేయను. నూరు రూపాయలు తవ్వడానికి పెట్టినప్పుడు ఒక్క రూపాయి ఆ బోరుని కనిపెట్టి చూసేవాడి జీతానికి ఎందుకు పెట్టరని అడుగుతున్నాను.

నీళ్ళు పడని బోర్లది మరో గోడు. వదిలేసిన బోరుబావిలో పసిపిల్లలు పడిపోవడం చూసి సుప్రీంకోర్టు 2010లో నియమాలు పెట్టింది. తవ్వడానికి పదిహేను రోజుల ముందు అధికారులకి, సర్పంచికి తెలియజేయాలి. చుట్టూ కంచె వేయాలి. కేసింగు చుట్టూ సిమెంటు దిమ్మ కట్టి మూత బిగించాలి. పనికిరాని బోరుని మట్టితో, రాళ్ళతో పైదాకా నింపాలి. రెండేళ్ళ కిందట మెట్టలో మా బంధువుల తోటకి వెళ్ళాను. గట్టు పక్కన గోనెపట్టా కప్పి పైన ఇటుక పెట్టిన గొట్టం కనిపించింది. ఎండిపోయిన బోరు. "ఏం బాబూ, ఇది పూడ్పించలేదేం?" అంటే, "మళ్ళీ ఎప్పుడైనా నీళ్ళు పడతాయేమోనని, తాతయ్యా" అన్నాడు కుర్రాడు. నాలుగు తట్టల మట్టి ఖర్చు. ఆ సాయంత్రమే దగ్గరుండి పూడ్పించి వచ్చాను. అలాంటి గొట్టాలు ఇంకెన్ని ఉన్నాయో చూడడానికి ఆ తోటల్లోకి వెళ్ళేవాళ్ళెవరు?

ఏలూరులో ఉన్నవాణ్ణి, 2020 డిసెంబరు గురించి చెప్పకుండా ఉండలేను. మొదటి వారంలో ఒక్కసారిగా జనం మూర్ఛలొచ్చి పడిపోయారు. నోట నురగ, కళ్ళు తేలేయడం. వన్‌టౌన్ వైపు మొదలై ఆరు వందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఒక ప్రాణం పోయింది. అందరూ మొదట నీళ్ళనే అనుమానించారు. వారం తిరక్కుండా ఢిల్లీ ఎయిమ్స్ నుంచి, హైదరాబాదు సంస్థల నుంచి, నాగపూరు నీరి నుంచి నిపుణులు దిగారు. నీళ్ళు, పాలు, కూరగాయలు, నెత్తురు, అన్నింటి నమూనాలూ పట్టుకెళ్ళారు. నెత్తుట్లో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పింది. పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమని తరవాత ప్రభుత్వం చెప్పింది. మా వీధిలో మేమంతా ఆ వారం కుళాయి నీళ్ళంటే హడలిపోయి టిన్ను నీళ్ళతోనే అన్నం వండుకున్నాం. అప్పుడు నాకు అనిపించింది ఒకటే. నమూనా ఢిల్లీకి వెళ్ళి రావాల్సి వచ్చింది. మన నీళ్ళకి నెలనెలా పరీక్ష జరిగి, ఆ కాగితం మున్సిపాలిటీ గోడ మీద అంటించి ఉంటే, తప్పు నీళ్ళదో కాదో మొదటి రోజే తెలిసేది. జనం సగం భయం అక్కడే తీరేది.

జలజీవన్ మిషన్ వచ్చాక కొంత మార్పు లేకపోలేదు. 2019 ఆగస్టు 15న ప్రకటించారు. రాష్ట్రానికొచ్చే డబ్బులో నూటికి రెండు దాకా నీటి నాణ్యత పరీక్షలకి వాడుకోవచ్చు. ఊరికి అయిదుగురు ఆడవాళ్ళకి పరీక్ష పెట్టె ఇచ్చి నేర్పించమన్నారు. అది చదివి నేను నిజంగా సంతోషించాను. కడవ పట్టుకుని నన్ను నిలదీసినవాళ్ళ మనవరాళ్ళే కదా వీళ్ళు. వాళ్ళు పరీక్ష చేసి చెడ్డ నీళ్ళని తేలిస్తే తరవాత ఎవరు ఖర్చుపెట్టి బాగుచేయాలన్నది కూడా అక్కడే రాసి ఉంచితే ఇంకా బాగుండేది.

మా అన్నయ్య మనవరాలు అమెరికాలో మిన్నెసోటాలో ఉంటుంది. ఊరి బయట ఇల్లు కొనుక్కుంది, పెరట్లో బావి ఉంది. అమ్మినవాడు తన స్థలంలో ఎన్ని బావులున్నాయో, వాడకంలో ఉన్నదేదో, మూసేసిందేదో రాసి ఇవ్వాలట, అది అక్కడ చట్టం. కొత్త బావి తవ్వాలంటే మామూలుగా లైసెన్సున్నవాడి చేతే తవ్వించాలి, ముందుగా ఆరోగ్య శాఖకి తెలియజేసి రుసుము కట్టాలి. బావులు చూసే విభాగం ఖర్చు ప్రధానంగా అలాంటి రుసుముల మీదే నడుస్తుంది. ఫోనులో ఆ పిల్ల చెబుతుంటే మా చేపల పాట గుర్తొచ్చింది. బావి పేరు మీద వచ్చిన డబ్బు బావికే. ఈ సంగతి మనకి కొత్త కాదు, మనం చేసి వదిలేసిందే.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. మీసేవలో బోరు కోసం కట్టిన రుసుము ఆ ఊరి పంచాయతీకి తిరిగి రావాలి. రిగ్గు రిజిస్ట్రేషన్ రుసుము జిల్లాలో తనిఖీకే వాడాలి. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26కి పంచాయతీ గ్రాంట్లలో నూటికి ముప్పై తాగునీటి పనులకని కట్టేసింది. పంచాయతీ బడ్జెట్టులో తాగునీటి పద్దు కింద "బావుల తనిఖీ" అని ఒక్క గీత గీయండి. ఎంతైనా సరే, వెయ్యి రూపాయలైనా సరే, ఆ గీత ఉంటే దాన్ని చూపించి అడిగే మనిషి పుడతాడు. గ్రామ సచివాలయంలో ఇంతమంది కూర్చుంటున్నారు. వాళ్ళలో ఒకరికి నెలకి ఒక రోజు, బోర్ల చుట్టూ తిరిగి రావడమే పనిగా అప్పగించండి.

ఇక ఇది చదివేవాళ్ళకి. మీ ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకు కాళ్ళ మీద "శుభ్రపరచిన తేదీ" అని పెయింటుతో రాసి ఉంటుంది. వెళ్ళి చూడండి. గత నెల మా పాత ఊరు వెళ్ళినప్పుడు నేను చూశాను. తేదీ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. వచ్చే గ్రామసభలో లేచి, ఆ ఖాళీ ఎందుకుందో అడగండి.